మెట్ల గోడ మీద ఏరు

టేపుకి సున్నా కొస పట్టుకోవడం నా ఉద్యోగం.
రెండో కొస పట్టినవాడు అంకె అరుస్తాడు,
ఇంజనీరు రాసుకుంటాడు.
భీమిలికి ఇవతల, గోస్తని ఒడ్డున
నీలిమందు బంగళా అంటారే,
మూడు రోజులుగా దాన్ని కొలుస్తున్నాం.

పొడవు నూట పన్నెండు అడుగులు.
గోడ మందం రెండున్నర.
సున్నంలో బెల్లం, కరక్కాయ, కోడిగుడ్ల సొన.
"అంత తిండి మాకెట్టుంటే
మేమే నిలబడిపోదుం గోడల్లాగ"
అంది సన్యాసమ్మ.
వెనక వంటపాకలో ఉంటుంది.
వాళ్ల తాతల తాత ఇక్కడే
గానుగలో సున్నం తిప్పినవాడు.

ఇవాళ మెట్ల దగ్గర టేపు ఆగింది.
పెచ్చులూడిన వెల్ల కింద గీతలు,
ఒక్కోటీ ఒక్కో చెయ్యి.

అన్నిటికన్నా కిందది నీలి గీత.
ఆ రాత్రి ఏరు ఇంట్లోకొచ్చి
దొర కుండీలన్నీ కడిగి పట్టుకుపోయిందట.
తెల్లారేసరికి మొగ దాకా నీలంగా పారిందట.
సముద్రానికి తేడా తెలీలేదు.
దొరకి తెలిసింది. అడుగున మిగిలిన మందులో వేలు ముంచి
గోడ మీద ఇంత అని గీసి
ఆ నెలలోనే ఓడెక్కాడు.
వరిమళ్లలో బలవంతాన నీలి చల్లినవాళ్లు
ఆ పొద్దు ఏమనుకున్నారో
గీత చెప్పదు.

దానికి జానెడు పైన కుంకుమ.
వేలంలో ఇల్లు కొన్న దివాను చయనులు గారు
కవిలకట్టలు అటకెక్కించమని కేకలేస్తుంటే
ఆయన భార్య సోమిదేవమ్మ
గుమ్మం దాటొచ్చిన నీళ్లకి హారతిచ్చిందట.
ఆవు పొదుగులో పుట్టిన ఏరు కదా,
ఆవు కొట్టంలోకొస్తే కాదంటామా అందిట.
శిస్తు బాకీలు బాతుల్లాగ తేలుతూ పోతుంటే
రైతులు గట్టు మీద నిలబడి చూశారట.
ఒక్కడూ నీళ్లలోకి దిగలేదు.

మూడోది బొగ్గుతో. పక్కన గుండ్రటి అక్షరాలు.
తెలుగనుకుని చదవబోయాను,
నోరు తిరగలేదు.
"బర్మా రాతలవి" అంది సన్యాసమ్మ.
బాంబులకి జడిసి
రంగం నుంచి నడిచొచ్చినవాళ్లని
ఈ సావిట్లోనే పడుకోబెట్టారట.
నీళ్లు మూడో మెట్టు మీదుండగా
ఆరో మెట్టు మీద వాళ్లమ్మ పుట్టింది.
పేరు గంగమ్మ అని పెడితే
వద్దు, చాలు నీళ్లు, అని ఏడ్చిందట బాలింత.

నాలుగోది పెన్సిల్ గీత, స్కేలు పెట్టి.
తేదీ, పొట్టి సంతకం, ఉప్పు ఆఫీసు ముద్ర.
ఏటికి కూడా రశీదు ఇచ్చినట్టుంది.

ఆ పైన గోడ ఖాళీ.
హుద్‌హుద్ నాడు కప్పు ఎగిరిపోయింది,
కానీ అది గాలి పని.
ఏరు సింహద్వారం దాకా వచ్చి
లోపలికి చూసి
వెనక్కెళ్లిపోయింది.

కిటికీ ఉండాల్సిన చోటు నుంచి చూస్తే
ఏటి కడుపులో ఇసుక లారీలు,
దూడని కట్టేసి పితుకుతున్నట్టు
పొద్దల్లా, రాత్రల్లా.
నీళ్లంటే అక్కడక్కడ మడుగులు,
గుంటలో ఓ పిల్లాడి చెప్పు.
"వట్టిపోయినావు
కొట్టానికెందుకొస్తాది బాబూ"
అని సన్యాసమ్మ కొంగు దులుపుకుంది.

ఎవరూ అడక్కపోయినా
టేపు సున్నా నేలకానించి గీతలు కొలిచాను.
రెండడుగుల ఒకటి. మూడు తక్కువ రెండంగుళాలు.
మూడున్నర. నాలుగూ పావు.
ఇంజనీరు పెన్ను కదల్లేదు.
ఫారంలో వాటికి గడి లేదు.

ఎర్ర రంగు డబ్బా నా చేతికిచ్చి
కూల్చేవాళ్లకి కనబడేలా
నంబరు వెయ్యమన్నాడు, ఇక్కడే.
గీతలు తుడిచేలా వెయ్యడానికి చెయ్యి రాలేదు.
మెట్టెక్కి, మునివేళ్ల మీద లేచి
అన్నిటికీ పైన వేశాను.
రంగు కారింది, మోచేతి దాకా.

సన్యాసమ్మ తల బాగా వెనక్కి వాల్చి
చాలాసేపు చూసింది.
చదువు రాదు ఆవిడకి,
ఆ గోడని మాత్రం చదువుతుంది.
"ఇంతెత్తు నీరు
ఎప్పుడొచ్చింది బాబూ" అంది.